చేత్తో చేశారు సరే, ఎవరి కోసం?

2020 లాక్‌డౌన్ నాటి గాజు సీసాలు తెలుగు ఇళ్లలో ఇంకా చాలాచోట్ల కనిపిస్తాయి. ఖాళీ సీసాకు తెల్ల రంగు పూసి, మెడకు జనపనార తాడు చుట్టి, ఎంసీల్ ముద్దతో రెండు పూలు చేసి అతికించి, పైన ఒక పూసల దండ వేసినవి. భయం నిండిన ఆ రోజుల్లో చేతులకు పని దొరకడమే పదివేలు. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ పేచీ లేదు. లాక్‌డౌన్ ఎత్తేశాక ఆ సీసాలు పుట్టినరోజులకూ గృహప్రవేశాలకూ కానుకలై బయల్దేరాయి. అందుకున్న ఇల్లాలు "అబ్బ, ఎంత బాగుందో, నువ్వే చేశావా!" అంది. మరేమంటుంది పాపం? టీవీ పక్కన ఒక నెల, చెప్పుల అలమరా మీద ఒక ఏడాది, ఆ తర్వాత అటక. దుమ్ము దులపడానికి లేదు, దులిపితే పూలు రాలతాయి. పారేయడానికీ లేదు, ఇచ్చినావిడ ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి వస్తుంది.

ఆ సీసా అటక మీదే ఉండిపోవడానికి ఒక మర్యాద కారణం. కొన్న వస్తువుకు ధర ఉంటుంది, చేత్తో చేసినదానికి ప్రేమ ఉంటుంది, ప్రేమకు వంకలు పెట్టకూడదు, కాబట్టి చేత్తో చేసిన కానుక ఏదైనా నచ్చి తీరాలి. వారపత్రికల మహిళల పేజీలు, యూట్యూబ్ ఛానళ్లు, బళ్లలో జరిగే 'వ్యర్థంతో అందం' పోటీలు అన్నీ ఈ పాఠాన్నే చెబుతున్నాయి. నచ్చలేదంటే తప్పు వస్తువుది కాదట, పుచ్చుకున్నవాళ్ల మనసుదట. ఊరికే వచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతావా అని దెప్పిపొడుపు ఒకటి పైనుంచి. వినడానికి ఎంతో సున్నితంగా ఉండే ఈ వాదం నిజానికి మొరటుది. కానుకలో ఇద్దరుంటారన్న సంగతిని మరిచిపోతుంది, రెండో మనిషి నోరు నొక్కేస్తుంది.

అసలు చేసినవాళ్లకు తమ వస్తువు అంత గొప్పగా ఎందుకు కనిపిస్తుంది? దీని మీద అమెరికాలో ఒక సరదా ప్రయోగం జరిగింది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు కొందరి చేత కాగితం మడిచి కొంగలు, కప్పలు చేయించారు. చేసినవాళ్లను నీ కప్పకు ఎంతిస్తావని అడిగితే సగటున 23 సెంట్లు పాడారు. అవే కప్పల్ని బయటివాళ్లకు చూపిస్తే 5 సెంట్లు దాటలేదు. చేయి తిరిగినవాళ్లు మడిచిన కప్పలకు ఆ బయటివాళ్లు 27 సెంట్లు ఇస్తామన్నారు. అంటే చేసినవాడి కంటికి తన వంకరటింకర కప్ప, నిపుణుడి కప్పకు దరిదాపుల్లోనే ఉంది. 2012లో అచ్చయిన ఈ పరిశోధనలో ఇంకో ముచ్చట ఉంది: తమ కళాఖండం విలువ ఇతరులకూ అంతే తోస్తుందని చేసినవాళ్లు నమ్మారు. మన సీసా కథంతా ఆ నమ్మకంలోనే ఉంది. రంగు పూస్తూ గడిపిన మధ్యాహ్నాలు చేసినామెకు గుర్తుంటాయి. పుచ్చుకున్నామెకు కనిపించేది సీసా.

అవతలి పక్షం చేతిలోనూ ఒక పరిశోధన ఉంది, దాన్ని దాటవేస్తే వాదన సాగదు. 'చేత్తో చేసినది' అన్న చీటీ ఉంటే ఆ వస్తువు మీద జనానికి మోజు పెరుగుతుందనీ, అందులో చేసినవాళ్ల ప్రేమ ఇమిడి ఉందని వాళ్లు భావిస్తారనీ 2015లో మార్కెటింగ్ పరిశోధకులు నిరూపించారు. నిజమే. అయితే ఆ మోజు ఎవరిదో చూడాలి. అక్కడ కొలిచింది కొనేవాళ్ల ఉత్సాహాన్ని. అందులోనూ తమకు బాగా ఇష్టమైనవాళ్లకు కానుకగా ఇవ్వాలనుకున్నప్పుడే ఆ ఉత్సాహం ఎక్కువగా కనిపించింది. ఇచ్చే చేతికి ప్రేమ తగులుతుందని తేలింది, అంతే. పుచ్చుకున్న ఇంట్లో ఆరు నెలల తర్వాత ఆ వస్తువు ఏమైందన్నది వేరే ప్రశ్న. 2016లో జెఫ్ గలాక్, జూలియన్ గివీ, ఎలనార్ విలియమ్స్ అప్పటిదాకా కానుకల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని దానికి జవాబు చెప్పారు. ఇచ్చేవాళ్ల చూపు కానుక చేతులు మారే ఆ నిమిషం మీద ఉంటుంది, పుచ్చుకునేవాళ్లు ఆ తర్వాత దానితో గడపాల్సిన రోజుల్ని చూస్తారు. రిబ్బను విప్పినప్పటి "అబ్బ!" కోసం చేసే వస్తువు వేరు, మంగళవారం పొద్దున వంటింట్లో పనికొచ్చే వస్తువు వేరు.

అయితే కొనేసి పారేద్దామా అంటే, కొన్నవీ ఏమంత ఉద్ధరించడం లేదు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో యేల్ విద్యార్థుల్ని క్రిస్మస్ కానుకల గురించి అడిగి, ఇచ్చినవాళ్లు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాళ్ల లెక్కలో ఆవిరైపోతోందని తేల్చాడు. పెళ్లికి ఏడు గోడ గడియారాలు అందుకున్న ఏ తెలుగు జంటకూ ఈ లెక్క కొత్త కాదు. కొన్న గడియారాన్ని మాత్రం ఇంకో పెళ్లికి దాటించవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. చేత్తో చేసినదానికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఈ మర్యాద మన తాతల కాలం నుంచీ వస్తున్నదని చాలామంది నమ్మకం. పాత ఇళ్లలో ఇచ్చిపుచ్చుకున్నవాటిని ఒక్కొక్కటిగా చూస్తే అలా అనిపించదు. పెద్దమనిషైన పిల్లకు మేనత్త చిమ్మిలి దంచి తెచ్చేది: నువ్వులు, బెల్లం. పెరిగే వయసులో ఒంటికి బలం కావాలి గనక. బాలింతకు తల్లి కాయం చేసేది: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యి. అది కానుకా మందా అంటే రెండూ. ఎవరికి, ఏ నెలలో, ఎంత అన్నది ముందే తెలుసు. అయిపోయేదాకా తింటారు, డబ్బా ఖాళీ అవుతుంది, కథ కంచికి.

బొంత సంగతి చూడండి. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మమ్మ పాత నూలు చీరలు తీస్తుంది. కొత్త గుడ్డ పనికిరాదు, గంజి దిగి ఉండదు, పసివొంటికి గరుకుగా తగులుతుంది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరల్ని నాలుగైదు మడతలు పేర్చి, అన్నిటికన్నా మెత్తనిది పైకి వచ్చేట్టు పరిచి, అంచుల నుంచి లోపలికి పెద్ద సూదితో వరసలు కుట్టుకుంటూ వస్తుంది. కుట్లు దగ్గరగా పడితే బొంత బిర్రుగా అవుతుంది, దూరమైతే రెండు ఉతుకులకే లోపలి గుడ్డ ముద్దకడుతుంది. తడిపితే ఉతకాలి, సాయంత్రానికి ఆరాలి, కాబట్టి మరీ మందం కూడదు. ఇందులో అమ్మమ్మ ప్రేమ ఉందా అంటే నిలువెల్లా ఉంది. కానీ బిడ్డ దాని మీద హాయిగా నిద్రపోయేది మడతల లెక్క, కుట్టు ఎడం సరిగ్గా కుదిరినందువల్ల. అమ్మమ్మ ఆలోచనంతా ఆ బిడ్డ ఒంటి చుట్టూ, ఆ ఇంటి దండెం చుట్టూ తిరిగింది. సీసా మీద పూలు అతికించేటప్పుడు లేనిది ఆ ఆలోచనే.

తెలంగాణ ఇళ్లలో సంక్రాంతికి సకినాలు చేసే తీరూ ఇంతే. నానబోసిన బియ్యం పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద పరిచిన తెల్లగుడ్డ మీద వేళ్లతో మెలి తిప్పుతూ చుట్లు పోస్తారు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. మెలి సరిగా పడనివాళ్లను పక్కనున్న పెద్దమ్మ ఊరుకోదు: "నీ చుట్టు ఇరుగుతది, నువ్వు పిండి కలుపు పో" అంటుంది. చేయి తిరిగిన చేతులే చుట్టాలి, తిరగని చేతులు పిండి కలపాలి. కొత్తగా పెళ్లయిన పిల్ల అత్తవారింటికి సారెగా వెళ్లే సకినాలు మరి. చేత్తో చేశాం గనక విరిగినా ఫర్వాలేదు అన్న మాట అక్కడ చెల్లదు.

సారె వచ్చిన ఇంట్లోనూ మొహమాటం తక్కువే. అరిసెలో, సున్నుండలో వీధిలో నాలుగిళ్లకు పంచుతారు, నాలుగిళ్లూ తీర్పు చెబుతాయి. పాకం ముదిరిందనీ, నెయ్యి తగ్గిందనీ. ఆ తీర్పులతో కొత్త కోడళ్లు పడ్డ అగచాట్లు అన్నీ ఇన్నీ కావు, ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ చేసిన వస్తువు బాగుందో లేదో మాట్లాడుకోవడం ప్రేమకు అవమానమని ఆ కాలంలో ఎవరికీ తట్టలేదన్నది మాత్రం నిజం. ఇరుగుపొరుగుల మధ్య ఇదే పని మెత్తగా జరిగేది. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు ఎలాగూ దొర్లుతాయి. "వదినా, మొన్నటి గోంగూర మా ఆయన మళ్లీ అడిగాడు" అన్నారంటే గోంగూర మళ్లీ వస్తుంది. కాకరకాయ గురించి ఏమీ అనలేదంటే ఆ వదినకు అర్థమైపోతుంది. డిస్పోజబుల్ డబ్బాలు వచ్చాక గిన్నె తిరిగి వెళ్లడం పోయింది, దాంతో ఆ నాలుగు మాటలూ పోయాయి.

తిండి విషయంలో అడగకుండా ఇచ్చే ప్రేమ ఇప్పుడు ప్రమాదంలోకి కూడా దిగింది. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారనీ, పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా రక్తపోటుతో ఉన్నారనీ అందులో తేలింది. ఇలాంటి దేశంలో అరవయ్యేళ్ల బాబాయికి కిలోన్నర సున్నుండలు చేసి తీసుకెళ్లి "ఒక్కటి తింటే ఏం కాదులే, నా చేత్తో చేశాను" అనడం ఆయన్ని ఇరకాటంలో పెట్టడమే. తింటే సుగర్, తినకపోతే అలక. ఆయన ఒకటి తింటాడు, మిగతావి పనమ్మాయికి వెళ్తాయి. ఆ పనమ్మాయి అమ్మకు సుగరుందేమో ఎవరూ అడగరు. ఎవరో నేతితో ఉండలు కట్టిన మధ్యాహ్నమంతా అలా చేతులు మారుతూ పోతుంది.

నెట్‌లో చూసి చేసే కానుకల్లో ఇంకో రకం ఉంది, అందంగా ఉండి కొంప ముంచేవి. పచ్చి వెల్లుల్లి రెబ్బలు వేసిన ఆలివ్ నూనె సీసాలు ఒకటి. నూనెలో మునిగిన వెల్లుల్లికి గాలి తగలదు, పులుపూ ఉండదు. బొటులిజం కలిగించే బ్యాక్టీరియాకు కావలసింది అదే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటు వాడిన ఇలాంటి వెల్లుల్లి నూనె వల్ల 36 మంది ఆ విషం బారిన పడ్డారు. మన ఆవకాయలోనూ వెల్లుల్లి, నూనె ఉంటాయి కదా అంటే, మామిడి పులుపూ గుప్పెళ్ల కొద్దీ ఉప్పూ అక్కడ కాపలా ఉన్నాయి. ఇంట్లో చేసే సబ్బులదీ తొందర వ్యవహారమే. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు నాలుగు నుంచి ఆరు వారాలు ఆరితే గానీ గట్టిపడి ఒంటికి మెత్తనవదు. పుట్టినరోజు వచ్చే వారమే ఉందని వారం రోజుల సబ్బుకు రిబ్బను కట్టేవాళ్లు ఉన్నారు.

ఇక ఆవకాయ. తెలుగువాళ్ల చేతి కానుకల్లో దీన్ని మించింది లేదు, ఇంత మౌనంగా చెత్తబుట్టకు చేరేదీ లేదు.

ఏప్రిల్ చివరికి కొత్తపల్లి కొబ్బరో, జలాలో, తెల్లగులాబో బజారుకొస్తాయి. అమ్మ తెల్లారుజామున వెళ్లి టెంక ముదిరిన కాయలు ఏరుతుంది, అక్కడే కత్తిపీట ముందు నిలబడి ముక్కలు కొట్టిస్తుంది, ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలని కొట్టేవాడితో తగువు పెట్టుకుంటుంది. ఇంటికొచ్చి తడి లేకుండా తుడిచి, జీడి పొర తీసి, గుంటూరు కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె కలుపుతుంది. మూడో రోజు తిరగేసి, రుచి చూసి, ఉప్పు తగ్గిందనుకుంటే మళ్లీ వేస్తుంది. డాలస్‌లో ఉన్న కూతురికి నాలుగు కిలోలు, సిడ్నీలో ఉన్న కొడుక్కి మూడు. సీసాల మూతలకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పాత టర్కీ తువ్వాలులో చుట్టి, 23 కిలోల సూట్‌కేసు నడిమధ్యలో కూర్చోబెడుతుంది. బాత్రూం తూకం మీద సూట్‌కేసు ఎత్తి చూస్తే 24న్నర. తీసేసేవి ఏమిటి? మనవరాలి కోసం కూతురు అడిగిన తెలుగు బొమ్మల పుస్తకాలు.

ఆ ఏడు కిలోల్లో ఉప్పు ఎంతో ఎవరూ లెక్కవేయరు. ఇంటింటికీ పాళ్లు మారతాయి గానీ కిలో ముక్కలకు పావు కిలో అటూ ఇటూగా పడుతుంది, తగ్గిస్తే బూజు పడుతుంది. రోజుకు అయిదు గ్రాములకు లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముప్పై అయిదేళ్లకే బీపీ మాత్ర మొదలుపెట్టిన అల్లుడు ఆవకాయ ముద్ద మానేసి రెండేళ్లయింది, ఆ సంగతి అత్తగారికి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కూతురు కిందటేడాది సీసాలో అడుగునున్న ఎండిపోయిన ముక్కల్ని పారేసి, కొత్త సీసా ఫ్రిజ్‌లో పెట్టి ఫొటో తీసి పంపుతుంది. "సూపర్ అమ్మా." ఆ 'సూపర్' వచ్చే ఏడాది నాలుగు కిలోలను మళ్లీ ఖాయం చేస్తుంది. అబద్ధం చెప్పిన పిల్లను తప్పుపట్టడం తేలిక. చేత్తో చేసినదానికి కృతజ్ఞత తప్ప మరో జవాబు ఉండకూడదని నేర్పి పంపింది ఎవరు?

సిడ్నీ కొడుకు కథ ఇంకో రకం. ఆస్ట్రేలియాలో దిగేవాళ్లు తెచ్చిన తిండి వస్తువులన్నీ కాగితం మీద రాసి చూపించాలి. పాలతో చేసిన మిఠాయిల్ని లోపలికి రానివ్వరు, దీపావళి వచ్చిందంటే అక్కడి అధికారులు బర్ఫీ, పేడా, రసమలై అని పేరుపేరునా హెచ్చరికలు వేస్తారు. అయినా అమ్మ పాలకోవా పెడుతుంది. కోవా కోసం పొయ్యి దగ్గర నిలబడ్డ గంటలు ఆ విమానాశ్రయం డబ్బాలో పడతాయి. ఒక్క ఫోను చేసి "అక్కడికి ఏం రానిస్తారురా?" అని అడిగి ఉంటే కందిపొడి, నల్లకారం, నువ్వుల పొడి వెళ్లేవి. తేలిక, కారవు, రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడికి అన్నం ఒక్కటి వండితే భోజనం అయిపోతుంది. అవీ అమ్మ చేతివే కదా.

అడిగితే ఆశ్చర్యం పోతుంది, కానుక కాస్తా ఆర్డరు అయిపోతుంది అని ఒక అభ్యంతరం ఉంది. ఇది ఇచ్చేవాళ్ల వైపు నుంచి మాత్రమే పుట్టే భయం. ఫ్రాన్సెస్కా జీనో, ఫ్రాన్సిస్ ఫ్లిన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, అడగనిది ఇస్తే ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టు కనిపిస్తామని ఇచ్చేవాళ్లు అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్లు మాత్రం తాము అడిగింది తెచ్చినవాళ్లనే తమ గురించి ఆలోచించినవాళ్లుగా గుర్తుపెట్టుకున్నారు. మన ఇళ్లలో దీనికి పరిశోధన అక్కర్లేదు. వేవిళ్లతో ఉన్న పిల్లను "ఏం తినబుద్ధవుతోందే?" అని అడిగి మరీ చేసిపెడతారు, పుల్లటి చింతకాయ పచ్చడి అడిగితే అదే చేస్తారు. ఆ పచ్చడి ఆర్డరు మీద వచ్చింది గనక ప్రేమ తగ్గిందని ఏ కూతురూ అనుకోలేదు.

చేతి కానుకల పక్షాన చివరికి అందరూ ఎత్తేది గాంధీ పేరు. 1947 నవంబరు 20న యువరాణి ఎలిజబెత్ పెళ్లి. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదన్న గాంధీకి, రాట్నం ఉంది కదా అని గుర్తుచేసింది మౌంట్‌బాటన్. గాంధీ స్వయంగా వడికిన నూలుతో ఒక గుడ్డ అల్లించారు, మధ్యలో 'జై హింద్' అని ఉంది. కానుకల ప్రదర్శనలో దాన్ని చూసి యువరాణి నాయనమ్మ రాణీ మేరీ గాంధీగారి గోచీ గుడ్డ అనుకుని మొహం చిట్లించుకుందని చెబుతారు. పెళ్లికూతురు మాత్రం దాన్ని దాచుకుంది. దాదాపు డెబ్భై ఏళ్లు గడిచాక తాను వెళ్లినప్పుడు ఆమె ఆ గుడ్డను తీసి చూపించారని 2022లో ఆమె మరణించినప్పుడు ప్రధాని మోదీ రాశారు. గొప్ప కథే. కానీ దీన్నిబట్టి ప్రతి చేతి గుడ్డా దాచుకోదగ్గదే అంటే చెల్లదు. వడికింది గాంధీ, ఆ ఇంటి మనుషుల్ని ఎరిగినవాడి సలహా మీద వడికాడు, వస్తువులు దాచుకోవడానికి కోటలున్న మనిషికి పంపాడు. కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాటు అద్దెకు తీసుకున్న కొత్త జంటకు ఆరడుగుల మాక్రమే గోడ అలంకరణ ఇచ్చేవాళ్లు ఆయన్ని సాక్ష్యానికి పిలవకూడదు. ఆ ఇంటి ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వడు.

'చేతిపని అమూల్యం' అన్న పొగడ్త చేసేవాళ్లకు కూడా మేలు చేయలేదు. నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఐరోపా మార్కెట్లకు వెళ్లే ఆ లేసును పశ్చిమగోదావరి ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని రోజుల తరబడి అల్లేవారు. వాళ్లు గృహిణులనీ, అల్లిక వాళ్ల తీరిక వేళ కాలక్షేపమనీ వేసిన ముద్ర వల్లే కూలి అంత హీనంగా ఉండేదని ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానుకల విషయంలో ఆ ముద్ర ఇంకా చెరగలేదు. అరవై అయిదేళ్ల అమ్మ మోకాళ్ల నొప్పులతో పొయ్యి ముందు నిలబడి మూడు కిలోల అరిసెలు వత్తితే "అమ్మకదో సరదా" అంటారు. ఆ సరదా ఎవరూ తినని అరిసెల మీద ఖర్చవుతుంటే ఆపమని చెప్పకపోవడం మర్యాద ఎలా అవుతుంది?

పిల్లల్ని మాత్రం ఈ గొడవలోకి లాగకూడదు. ఆరేళ్ల పిల్ల వేసిచ్చిన బొమ్మలో నాన్నకు ఏడు వేళ్లున్నా ఫ్రిజ్ మీద అతికించాల్సిందే, అక్కడ ఈ లెక్కలేవీ పనిచేయవు. ఆ పిల్లకు దొరికే మినహాయింపును నలభై ఏళ్లవాళ్లు వాడుకోవడమే ఇక్కడ అభ్యంతరం.

నిజంగా పనికొచ్చిన చేతి కానుకలు వెతికితే అన్నీ కాస్త అనాకారిగానే ఉంటాయి. ఆసుపత్రిలో మనిషికి తోడుగా ఉన్నవాళ్లకు రోజూ మధ్యాహ్నం వచ్చే క్యారేజీని మించింది తెలుగునాట లేదు: చారు, పెరుగు, పలుచగా ఒక కూర, రిబ్బను లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి ఒలిచిన వెల్లుల్లి, ఉడికించి తీసిన చింతపండు గుజ్జు, ఎండిన వడియాలు ఇస్తే ఆ వారమంతా తలుచుకుంటారు. ఒకప్పుడు ఇంటింటా అల్లిన ప్లాస్టిక్ వైరు బుట్టల్లో పూలసజ్జలు, చిలకలు అటకెక్కాయి గానీ కూరగాయల బుట్ట మాత్రం ముప్పై ఏళ్లు బజారుకు వెళ్లొచ్చింది, ఈమధ్య మళ్లీ ఫ్యాషన్ అయింది కూడా. తడిసినా చెడదు, అయిదు కిలోల ఉల్లిపాయలు మోస్తుంది, పిడి చేతిని కోయదు. అల్లినవాళ్లు అంగడికి వెళ్లేవాళ్లే కాబట్టి పిడి ఎంత లావుండాలో వాళ్లకు తెలుసు.

కొన్ని ఇళ్లలో ఇప్పటికే పద్ధతి మారుతోంది. పచ్చళ్లు పెట్టే చేయి తిరిగిన ఆడవాళ్లు కొందరు పెద్ద జాడీలు మానేసి పావు కిలో సీసాలకు దిగారు, మూత మీద చీటీ అతికించి తేదీ రాస్తున్నారు, వేరుశెనగ నూనె వాడితే ఆ సంగతీ రాస్తున్నారు, వేరుశెనగ పడనివాళ్లు ఉంటారు గనక. మార్చిలోనే ఫోన్లు వెళ్తున్నాయి. "ఈసారి ఎంత పెట్టమంటావే?" అని అడిగితే అవతల నుంచి కాసేపు తటపటాయింపు, ఆ తర్వాత అసలు మాట: "ఆవకాయ పావు సీసా చాలమ్మా, మీ అల్లుడు ఉప్పు మానేశాడు. కందిపొడి మాత్రం కిలో పెట్టు, వెల్లుల్లి వేయకు, చంటిది తినట్లేదు. ఆ పుస్తకాలు మర్చిపోకు."